ప్రదర్శన - అమ్మకం: కలంకారీ ధర వెనుక శ్రమ



ప్రదర్శన-అమ్మకంలో కళాకారులే తమ పనిని చూపి అమ్ముతారు. మధ్యలో దళారీ ఉండడు కాబట్టి సొమ్ము వారికే దక్కుతుంది. హైదరాబాదులో 1992లో ఏర్పడిన శిల్పారామం ఇందుకు ఉదాహరణ. ఇలాంటి చోట శ్రీకాళహస్తి కలంకారీ ధర విని కొందరు "ఇంతా!" అంటారు. తయారీ తెలిస్తే అలా అనరు.

1. నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు.
2. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు.
3. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి కసిం చేస్తారు. వెదురు కలంతో దాన్ని అద్దితే కరక్కాయతో కలిసి గీత నల్లబడుతుంది.
4. పటిక అద్ది రంగునీళ్లలో ఉడికిస్తే, పటిక పడినచోటే ఎరుపు నిలుస్తుంది.
5. మిగతా రంగులు ఒక్కొక్కటే వేస్తూ, మధ్యమధ్య ఉతికి ఆరబెడతారు.

పెడన కలంకారీలో చెక్క అచ్చులు వాడతారు, అదీ చేతిపనే. యంత్రం మీద ముద్రించిన బట్టను మాత్రం 'కలంకారీ' పేరుతో చవగ్గా అమ్మితే చేతిపనివారి కూడు పోతుంది. గుర్తుపట్టడం సులువు: యంత్రపు బొమ్మలన్నీ అచ్చంగా ఒకేలా ఉంటాయి, కలం గీతలు ఏ రెండూ ఒకేలా ఉండవు.

చేతివృత్తుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. బేరమాడే ముందు "దీనికి ఎన్ని రోజులు పట్టింది?" అని అడుగుదాం.