సరకు వ్యాను: కొనుటకు ముందు విచారణ, చెడిన పిమ్మట ఫిర్యాదు

మన బెల్లంపల్లి ప్రాంతమున ప్రత్తి, ధాన్యము, మామిడికాయలు ఒకప్పుడు ఎడ్లబండ్లపై అంగడికి పోయెడివి. నేడవి చిన్న సరకు వ్యానులపై పోవుచున్నవి. ఎద్దు కుంటినచో గిట్ట ఎత్తి చూచి కారణము గ్రహింపగల రైతు, వ్యాను నిలిచిపోయినచో మరమ్మతువాని మాటనే నమ్మవలసివచ్చుచున్నది. బండి నిలిచినను బ్యాంకు వాయిదా నిలువదు. వ్యానుచెడి వాయిదాలు తప్పిన యింట ఆ భారము తుదకు భూమిమీదనే పడును. కావున సభ్యులు ఈ విషయమున తెలిసికొనవలసిన ముఖ్యాంశములను ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము.

మొదట ఒక పేరునుగూర్చి చెప్పెదము. మన పల్లెలలో నడిమి తరహా లారీని నేటికిని ‘డీసీఎం’ అనియే పిలుచుచున్నారు. 1980ల దశాబ్దమున జపాను సంస్థల తోడ్పాటుతో మన దేశమున డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, ఆల్విన్ నిస్సాన్ అను నాలుగు తేలిక లారీల సంస్థలు వెలసెను. వీనిలో ఆల్విన్ నిస్సాన్ కర్మాగారము మన జహీరాబాదునందలిది. 1989లో ఆ సంస్థ మహీంద్రావారి చేతికి వచ్చెను. డీసీఎం టయోటా 1990లలో కొరియా దేశపు దేవూ సంస్థ పాలై కార్ల తయారీకి మరలెను. బండి పోయినది, పేరు నిలిచినది. పేరు ప్రసిద్ధమైనంతమాత్రమున విడిభాగములు ఎల్లకాలము దొరకునని నమ్మరాదనుటకు ఇదియే తార్కాణము. కొనుటకు ముందు క్లచ్చి పలక, రేడియేటరు, ఇంజెక్టరు వంటి భాగములు మంచిర్యాలలోనే దొరకునా, హైదరాబాదునుండి రావలయునా యని విచారింపవలెను. అదే నమూనాను మూడేండ్లు నడిపినవారిని ఇరువురినైనను కలిసికొని, “బండి ఎన్నిమార్లు నిలిచినది? నిలిచినప్పుడు ఎన్నిదినములు షెడ్డులో నున్నది?” అని యడుగవలెను. అమ్మువాని పొగడ్తకంటె ఈ రెండు ప్రశ్నల జవాబు విలువగలది.

2005లో టాటా ఏస్ అను చిన్న వ్యాను అంగడికి వచ్చెను. దీనినే జనులు ‘చోటా హాథీ’ యనిరి. 702 ఘన సెంటీమీటర్ల రెండు సిలిండర్ల డీజిలు ఇంజను, సుమారు 16 అశ్వబలము, ముప్పాతిక టన్ను మోత దాని మొదటి లక్షణములు. ఇరుకు బాటలలో తిరుగగలుగుటచేతను, వెల అందుబాటులో నుండుటచేతను అది విశేషముగా వ్యాపించెను. పిదప ఇతర సంస్థలును ఈ తరగతి బండ్లను తెచ్చెను. అయితే ‘చిన్న ఏనుగు’ అను పేరు విని ఏనుగు మోత మోపరాదు. 40 కిలోల ధాన్యపు బస్తాలు 18 ఎత్తినచో 720 కిలోలు. అదియే ముప్పాతిక టన్ను బండికి హద్దు. 35 బస్తాలు ఎత్తినచో 1400 కిలోలగును. అట్టి బండికి కమ్ములు వంగుటయు, క్లచ్చి మాడుటయు, బ్రేకులు తగ్గుటయు వింతగాదు. అది బండి లోపము కాదు, మన లోపము. మితిమీరిన బరువు ఋజువైనచో కంపెనీవారు వారంటీని నిరాకరింతురు. మోటారు వాహనముల చట్టము ననుసరించి 20,000 రూపాయల జరిమానాయు, ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలును పడును.

యజమానుల ఫిర్యాదులను మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటిది వాడుకవలన గలుగునది. బొగ్గు లారీలు తిరుగు మన బాటలలో దుమ్ము మిక్కుటము. గాలి వడపోత మూసికొనినచో ఇంజను శక్తి తగ్గును, డీజిలు ఎక్కువ త్రాగును. వేసవిలో రేడియేటరు రెక్కలలో దుమ్ము చేరినచో ఇంజను వేడెక్కును. కావున పుస్తకమున వ్రాసిన గడువుకంటె ముందే వడపోతను చూచుకొనుట మంచిది.

రెండవది బండి కట్టడికిని, మన పనికిని పొసగకపోవుటవలన గలుగునది. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి క్రొత్త బండ్లకు భారత్ స్టేజి 6 నియమములు వర్తించుచున్నవి. అందుచే ఇటీవలి డీజిలు వ్యానులలో పెక్కింటికి పొగగొట్టమున మసిని పట్టు వడపోత గలదు. చేరిన మసి కాలిపోవలెనన్న పొగ మిక్కిలి వేడెక్కవలెను. అందుకు బండి కొంతసేపు ఎడతెగక వేగముగా నడువవలెను. చేనినుండి ఊరికి, ఊరినుండి అంగడికి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో మసి కాలదు. హెచ్చరిక దీపము వెలుగును, శక్తి తగ్గును. ఆ దీపమును లక్ష్యపెట్టక నడిపినచో వడపోతయే మార్చవలసివచ్చును. అది పెద్ద ఖర్చు. చిన్న దూరములే తిరుగువారు ఈ సంగతి కొనుటకు ముందే అడిగి తెలిసికొని, తమ పనికి పెట్రోలు, గ్యాసు, విద్యుత్తు బండ్లలో ఏదైనను అనుకూలమా యని ఆలోచింపవలెను.

మూడవది తయారీ లోపము. క్రమముగా నడిపినను, తగిన బరువే మోసినను, ఒకే భాగము మరల మరల చెడుట దీని గుర్తు. దీనిని నిరూపింపవలెనన్న నోటిమాట చాలదు. షెడ్డుకు పోయిన ప్రతిమారు జాబ్ కార్డు వ్రాయించుకొని, అందు తేదీ, తిరిగిన కిలోమీటర్లు, మీరు చెప్పిన లోపము మీ మాటలలోనే వ్రాయబడినదా యని చదివించుకొనవలెను. “మామూలు సర్వీసు” అని మాత్రము వ్రాసిన కాగితముపై సంతకము చేయరాదు. వారంటీ కాగితము ననుసరించి చెడిన భాగమును మార్చుటయే సామాన్యముగా కంపెనీ బాధ్యత యనియు, దానిని మించి బండినే మార్చుమనుట తగదనియు 2006లో సుప్రీంకోర్టు ఒక కారు వ్యాజ్యమున తీర్పు చెప్పెను. కావున ఈ కాగితములే మన బలము.

సరకు బండి వ్యాపారవస్తువు గనుక వినియోగదారుల చట్టము మనకు వర్తింపదని కొందరందురు. అది పూర్తిగా నిజముగాదు. స్వయంఉపాధిచే జీవనోపాధి గడించుటకే కొన్నవాడు వినియోగదారుడే యని చట్టము చెప్పుచున్నది. తన బండిని తానే నడుపుకొని బ్రదుకువాడు ఆ రక్షణకు అర్హుడని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు వివరించెను. బండిని పూర్తిగా ఇతరుల చేతికిచ్చి లాభమునకు త్రిప్పువానికి ఆ రక్షణ లభించుట కష్టము. 2019 నాటి చట్టము ననుసరించి ఫిర్యాదీ తాను నివసించు జిల్లా కమిషనునందే, కారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షలవరకైనచో రుసుము లేదు; 5 మొదలు 10 లక్షలవరకు 200 రూపాయలు. అంతకు ముందు 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రముద్వారా రాజీకి ప్రయత్నింపవచ్చును.

ఒక్కని ఫిర్యాదుకంటె పదిమంది ఫిర్యాదు బలీయము. ఒకే విధమగు నష్టము పొందినవారు కమిషను అనుమతితో అందరి తరఫున ఒకే ఫిర్యాదు దాఖలు చేయుటకు చట్టము అవకాశమిచ్చినది. ఒక నమూనా బండ్లపై నిర్ణీత శాతము యజమానులు లోపమును తెలిపినచో, ఆ బండ్లను వెనుకకు రప్పించి సరిచేయుమని కంపెనీని ఆదేశించు అధికారమును మోటారు వాహనముల చట్టపు 2019 సవరణ కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. అనగా మనము ఒక్కొక్కరము షెడ్డులో సణిగి ఊరకుండినచో ఆ లెక్కలో చేరము. వ్రాతమూలకముగా తెలిపిననే చేరుదుము.

కావున ప్రతి సంఘమునందును ఒక బండ్ల పుస్తకము పెట్టవలసినదిగా కోరుచున్నాము. అందు సభ్యుని బండి నమూనా, కొన్న తేదీ, చెడిన భాగము, నిలిచిన దినములు, అయిన ఖర్చు అను అయిదు గళ్లుండిన చాలును. ఏడాది గడచిన పిమ్మట ఆ పుస్తకమే క్రొత్తగా బండి కొనబోవు సభ్యునికి మార్గదర్శకమగును. ఒకే లోపము పలువురి గళ్లలో కనబడినప్పుడు ఫిర్యాదునకు సాక్ష్యమగును. అప్పుకొరకును, విత్తనములకొరకును ఏకమైన మనము, మన రాబడిని మోయు బండికొరకును ఏకము కావలదా?