స్కూల్ యాప్ మారితే మీ ప్రాజెక్టులు ఏమవుతాయి? మహారా, మూడుల్ పనిచేసే తీరు ఇదీ

ఫోన్ కొనే ముందు మనం ర్యామ్, ప్రాసెసర్, బ్యాటరీ అన్నీ కంపేర్ చేస్తాం. స్కూల్లో పెట్టిన లెర్నింగ్ యాప్ విషయంలో మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగం. నన్నడిగితే ముందు అడగాల్సింది ఒకటే: పిల్లలు ఇందులో పెట్టిన వర్క్‌ని వాళ్లే బయటికి తీసుకెళ్లగలరా?

మా పిన్ని కూతురు తొమ్మిదో తరగతి. రెండేళ్ల పాటు సైన్స్ ప్రాజెక్టుల ఫోటోలు, మొక్కల మీద తీసిన చిన్న చిన్న వీడియోలు అన్నీ స్కూల్ యాప్‌లోనే అప్‌లోడ్ చేసింది. జూన్‌లో స్కూల్ వాళ్లు వేరే యాప్‌కి మారిపోయారు. పాత లాగిన్ పనిచేయదు. మార్కులు, ఫీజు వివరాలు మాత్రం భద్రంగా కొత్త యాప్‌లోకి వచ్చేశాయి. "అన్నా, నా వీడియోలు ఎలాగైనా తియ్యవా, నువ్వు సాఫ్ట్‌వేరే కదా" అంది. ఆ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ బటనే లేదు, ఏం తీస్తాం?

అందుకే ఈసారి గ్యాడ్జెట్ రివ్యూ పక్కన పెట్టి, ఇదే పనిని ఓపెన్ సోర్స్‌లో ఎలా చేస్తారో చూద్దాం.

ముందు ఒక తేడా తెలియాలి. ఎల్‌ఎంఎస్ వేరు, ఈ-పోర్ట్‌ఫోలియో వేరు. ఎల్‌ఎంఎస్ అంటే టీచర్ కట్టిన క్లాస్‌రూమ్. పాఠాలు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు అన్నీ కోర్సు కింద ఉంటాయి. కోర్సు అయిపోతే స్టూడెంట్‌కి అక్కడ పనేం ఉండదు. పోర్ట్‌ఫోలియో అలా కాదు. అది స్టూడెంట్ సొంత అలమరా అన్నమాట. ఏది ఉంచాలి, ఏది ఎవరికి చూపించాలి అన్నది ఆ అమ్మాయో అబ్బాయో నిర్ణయించుకుంటారు.

ఎల్‌ఎంఎస్ అనగానే ఓపెన్ సోర్స్‌లో మూడుల్ పేరే వస్తుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి చెందిన మార్టిన్ డూగియామాస్ మొదలుపెట్టాడు, 1.0 వెర్షన్ 2002లో వచ్చింది. చిన్నప్పుడు ఆయన ఎడారి ప్రాంతంలో పెరిగాడు. స్కూల్ దూరం కాబట్టి రేడియోలో పాఠాలు వినేవాడు. మూడుల్‌కి తెలుగు లాంగ్వేజ్ ప్యాక్ కూడా ఉంది. అనువాదం కాని చోట ఇంగ్లీష్ కనిపిస్తుంది.

పోర్ట్‌ఫోలియో వైపు నాకు బాగా నచ్చింది మహారా. ఇది న్యూజిలాండ్‌లో 2006లో ప్రభుత్వ నిధులతో, అక్కడి యూనివర్సిటీలు కలిసి మొదలుపెట్టిన ప్రాజెక్ట్. మావోరీ భాషలో మహారా అంటే ఆలోచించడం. అక్కడి స్కూళ్ల కోసం 'మైపోర్ట్‌ఫోలియో' పేరుతో దేశం మొత్తానికి ఒక మహారా సర్వీస్ కూడా నడిపారు.

దీని డిజైన్ కొంచెం వివరంగా చెప్తాను, అసలు తెలివంతా అక్కడే ఉంది. మీ ఫోటోలు, వీడియోలు, జర్నల్ రాతలు అన్నీ ముందు మీ ప్రైవేట్ ఏరియాలో ఉంటాయి. వాటిలోంచి కావాల్సినవి ఏరి, బ్లాకుల్లా అమర్చి ఒక పేజీ చేస్తారు. కొన్ని పేజీలు కలిపితే కలెక్షన్. మీరు షేర్ చేసేదాకా పేజీ ఎవరికీ కనిపించదు. షేర్ చేసేటప్పుడు కూడా ఒక్క టీచర్‌కి, ఒక గ్రూప్‌కి, లేదా సీక్రెట్ లింక్ ఉన్నవాళ్లకి అని ఎంచుకోవచ్చు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే అని గడువు కూడా పెట్టొచ్చు. ఒకే వీడియోని సైన్స్ టీచర్ పేజీలో ఒక రకంగా, అమ్మమ్మకి పంపే పేజీలో ఇంకో రకంగా పెట్టొచ్చు. ఫైల్ మాత్రం ఒక్కటే.

మార్కుల కోసం పేజీని సబ్మిట్ చేస్తే అది లాక్ అయిపోతుంది. టీచర్ చూసి రిలీజ్ చేసేదాకా ఎడిట్ కుదరదు. మూడుల్, మహారా రెండింటినీ ఎల్‌టీఐ అనే స్టాండర్డ్‌తో కలిపితే, అసైన్‌మెంట్ మూడుల్‌లో, వర్క్ మహారాలో నడుస్తాయి. ఈ జంటకి ఫ్యాన్స్ పెట్టుకున్న ముద్దుపేరు 'మహూడుల్'!

ఇక మా చెల్లి అడిగిన విషయం. మహారాలో ఎక్స్‌పోర్ట్ రెండు రకాలుగా తీసుకోవచ్చు. ఒకటి హెచ్‌టీఎంఎల్: ఫైళ్లతో సహా మొత్తం పోర్ట్‌ఫోలియో ఒక చిన్న వెబ్‌సైట్‌లా వస్తుంది, నెట్ లేకపోయినా ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది. రెండోది లీప్2ఏ: ఇది ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్, ఇంకో మహారా సర్వర్‌లో ఇంపోర్ట్ చేసుకోవడానికి. రెండూ తీసుకోండి. మొదటిది చూసుకోవడానికి, రెండోది మళ్లీ పని చేసుకోవడానికి.

ఇంకో సంగతి. ఒకే మహారా సర్వర్ మీద చాలా స్కూళ్లు ఉండొచ్చు. ఒక స్కూల్ నుంచి బయటికొచ్చినా అకౌంట్ పోదు, అడ్మిన్ ఇంకో స్కూల్‌లో చేర్చొచ్చు. మన దగ్గర ఇది చాలా ముఖ్యం. పదో తరగతి అవ్వగానే చాలామంది స్కూల్ వదిలి ఇంటర్‌కి వేరే కాలేజీకి వెళ్తారు కదా. పదేళ్ల వర్క్ గేటు దగ్గరే ఆగిపోతుంది. మండలంలో ఉన్న హైస్కూళ్లు, జూనియర్ కాలేజీ కలిపి ఒక్క సర్వర్ పెట్టుకున్నా ఈ సమస్య ఉండదు.

"మనకి దీక్షా ఉందిగా" అంటారేమో. ఉంది, మంచిదే. పైగా అది కూడా సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ ప్లాట్‌ఫామ్ మీదే నడుస్తుంది. కానీ టెక్స్ట్‌బుక్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చేది పిల్లలకి ఇచ్చే కంటెంట్. పిల్లలు తయారుచేసింది దాచుకునే చోటు వేరే కావాలి. నేషనల్ ఎడ్యుకేషన్ పాలసీ 2020 ప్రోగ్రెస్ కార్డు గురించి చెప్పిన చోట పోర్ట్‌ఫోలియోలు, సెల్ఫ్ అసెస్‌మెంట్, తోటి పిల్లల అసెస్‌మెంట్ అన్నీ ఉన్నాయి. అవి ఎక్కడ దాచాలన్నది ప్రతి స్కూల్ తేల్చుకోవాలి.

ఇంట్లో ట్రై చేయాలంటే సులువైన దారి మూడుల్‌బాక్స్. రాస్‌బెర్రీ పై 4, ఒక 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డ్ చాలు. ఇమేజ్ డౌన్‌లోడ్ చేసి కార్డ్‌లోకి ఫ్లాష్ చేసి, పై ఆన్ చేసి కాసేపు ఆగండి. 'మూడుల్‌బాక్స్' అనే వైఫై కనిపిస్తుంది. ఫోన్‌తో కనెక్ట్ అయితే చాలు, ఇంటర్నెట్ లేకుండానే క్లాస్‌రూమ్ రెడీ. డీఫాల్ట్ పాస్‌వర్డ్ మాత్రం అందరికీ తెలిసిందే కాబట్టి ముందు దాన్ని మార్చేయండి. మహారాకి ఇలాంటి రెడీమేడ్ దారిలో వెళ్లకండి, పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, పీహెచ్‌పీ, పోస్ట్‌గ్రెస్ వేసి మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే నయం.

సొంతంగా సర్వర్ పెడితే ముందు ఆపేది ఫోన్ కెమెరానే. పీహెచ్‌పీలో అప్‌లోడ్ లిమిట్ డీఫాల్ట్‌గా 2 ఎంబీ. ఇప్పటి ఫోన్లలో ఒక్క ఫోటోనే అంతకు మించి ఉంటుంది, వీడియో సంగతి చెప్పక్కర్లేదు. ఫైల్ సైజ్ లిమిట్‌తో పాటు పోస్ట్ సైజ్ లిమిట్ కూడా పెంచాలి, అది డీఫాల్ట్‌గా 8 ఎంబీ. ఒకటి పెంచి రెండోది వదిలేస్తే ఉపయోగం లేదు.

మైనస్‌లు కూడా చెప్పాలి. మహారా లుక్ పాతకాలం నాటిది. ఇన్‌స్టా వాడే పిల్లలు చూసి నవ్వుతారు. బ్లాకులు, పేజీలు, కలెక్షన్లు అర్థం కావడానికి టైం పడుతుంది, అందుకే ఎనిమిదో తరగతి కంటే చిన్నవాళ్లకి నేను సజెస్ట్ చేయను. లైసెన్స్ ఫ్రీ, కానీ సర్వర్ చూసుకునే మనిషి ఫ్రీ కాదు. మూడుల్‌కి ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి. ప్రతిదాని వెంట పరిగెత్తకుండా, స్కూల్‌కైతే లాంగ్ టర్మ్ సపోర్ట్ వెర్షన్ పట్టుకోవడం మేలు. 4.5 అలాంటిదే, 2027 అక్టోబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి. ఆ అప్‌డేట్స్ వేసేవాళ్లు లేని స్కూల్, ఎక్స్‌పోర్ట్ ఇచ్చే పెయిడ్ సర్వీస్ తీసుకోవడమే మంచిది. ఇది ఓపెన్ సోర్స్ అభిమానిగానే చెప్తున్నా.

బ్యాకప్ గురించి ఒక్క మాట. మూడుల్ మీ ఫైల్‌ని మీరు పెట్టిన పేరుతో దాచదు. ఫైల్ లోపలి కంటెంట్‌ని షా-1 హ్యాష్ చేసి ఆ హ్యాష్‌నే పేరుగా పెడుతుంది. 40 మంది ఒకే పీడీఎఫ్ అప్‌లోడ్ చేసినా డిస్క్ మీద కాపీ ఒక్కటే ఉంటుంది, స్పేస్ మిగులుతుంది. కానీ ఏ హ్యాష్ ఎవరి ఫైలో తెలిసేది డేటాబేస్‌కి మాత్రమే. ఫోల్డర్ ఒక్కటే బ్యాకప్ తీస్తే అర్థం కాని పేర్ల గుట్ట మిగులుతుంది, డేటాబేస్ ఒక్కటే తీస్తే పేర్లు ఉంటాయి, ఫైళ్లు ఉండవు. రెండూ ఒకే సమయంలో తీసి, వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, ఏదో ఒక పిల్లాడి అకౌంట్‌లో వీడియో ప్లే అవుతుందో లేదో చూడండి.