సంగతి ముందు, సంజాయిషీ తర్వాత

హిందూపురం,
ఆదివారం.

చిరంజీవి చిన్నాకి,

నీ మెసేజ్ చదివాను. పని నువ్వు చేస్తుంటే పేరు మాట్లాడేవాడికి పోతోందనీ, అందుకే దూరవిద్యలో కమ్యూనికేషన్ కోర్సు చేద్దామనుకుంటున్నాననీ రాశావు. మూడు నెలల్లో ఇంగ్లీషు గడగడా వచ్చేస్తుందని చెప్పే ఆన్‌లైన్ సంస్థ లింకు కూడా పంపావు. ఫీజు చూసి గుండె గుభేలుమంది. ఆ డబ్బు నీ దగ్గరే ఉంచుకో నాన్నా. కోర్సు చెయ్యి, కానీ అది కాదు. ఎందుకో చెప్తాను.

నీకు ఇంగ్లీషు కొరత లేదు. మీ మేనేజరుకి రాసిన మెయిల్ నాకూ పంపావు కదా, అందులో వ్యాకరణం తప్పు ఒక్కటీ కనబడలేదు. 'హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్' అని మొదలుపెట్టావు. సోమవారం సర్వర్ ఆగిపోవడం, మంగళవారం డేటా టీమ్ జవాబివ్వకపోవడం, బుధవారం నువ్వు పొద్దుపోయేదాకా కూర్చోవడం అన్నీ వరసగా రాశావు. శుక్రవారం ఇవ్వాల్సిన రిపోర్టు సోమవారం గానీ రాదన్న ముక్క మాత్రం చిట్టచివర పెట్టావు. శుభలేఖ అందుకున్నవాళ్లు ముందు ముహూర్తం ఎప్పుడు, మండపం ఎక్కడ అని వెతుక్కుంటారు, పైనున్న పద్యం తర్వాత చదువుతారు. మెయిల్ చదివేవాళ్లూ అంతే.

అదే మెయిల్ ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడు. "రిపోర్టు శుక్రవారం బదులు సోమవారం మధ్యాహ్నానికి ఇస్తాను. సర్వర్ ఆగినందువల్ల ఒకటిన్నర రోజు పని నిలిచిపోయింది. డేటా టీమ్ నుంచి ఇంకో ఫైలు రావాలి, మీరు ఒక మాట చెబితే రేపటికి వస్తుంది." ఏమైంది, ఎందుకైంది, ఆయన ఏం చెయ్యాలి? ఈ మూడూ తేలిపోయాయి. నువ్వు రాత్రి ఎంతసేపు కూర్చున్నావో రాయలేదు, అయినా పని మీద నీకు పట్టుందని తెలుస్తూనే ఉంది. నా బ్యాంకు ఉద్యోగంలో మేం పైకి పంపే ఆఫీసు నోట్లు కూడా ఇలాగే రాసేవాళ్లం. అప్పు ఎవరికి, ఎంత, మా సిఫారసు ఏమిటి అన్నది మొదట్లోనే ఉండాలి. లెక్కలూ కారణాలూ కింద ఉండేవి.

ఇక దూరవిద్య విషయం. ఎదురుగా మేష్టారు లేకుండా మాట తీరు ఎలా వస్తుందని మీ నాన్న అడిగాడట. నాకైతే నీ ఉద్యోగానికి ఇదే సరైన చదువనిపిస్తుంది. నువ్వు రోజంతా చేసేది దూరంగా ఉన్నవాళ్లకి చెప్పడమే కదా. అమెరికాలో క్లయింటు నువ్వు నిద్రపోయాక నీ మెయిల్ తెరుస్తాడు. అర్థం కాకపోతే అడగడానికి నువ్వు ఉండవు. దూరవిద్యలో అసైన్‌మెంటు రాసే విద్యార్థిదీ అదే స్థితి. దిద్దేవాళ్ల మొహం తెలియదు, పక్కన కూర్చుని "నా ఉద్దేశం అది కాదండీ" అని చెప్పుకునే వీలు లేదు. కాగితం మీద ఉన్నదే లెక్క.

ఈ చదువులో ఒక పెద్ద మలుపు మన తెలుగునేల మీదే వచ్చింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో మొదలైంది. ఇప్పుడు దాన్ని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. దాని తొలి వైస్ ఛాన్స్‌లర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. ఇంటర్ లేనివాళ్లు కూడా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అక్కడ తెరిచారు. పాఠాలు తెలుగులో అచ్చువేశారు, రేడియోలో చెప్పించారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఏర్పడినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ ఛాన్స్‌లర్.

ఆ ఇగ్నోకి నువ్వుండే బెంగళూరులో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఫంక్షనల్ ఇంగ్లీషులో సర్టిఫికెట్ కోర్సు ఉంది. డిగ్రీలో భాగంగా 'ఇంగ్లీష్ కమ్యూనికేషన్ స్కిల్స్' అని నాలుగు క్రెడిట్ల పేపరు కూడా ఉంది. చేరకముందే ఇగ్నో వాళ్ల ఈజ్ఞాన్‌కోశ్ సైటు తెరిచి ఆ పాఠాలు చదువు, పైసా కట్టక్కర్లేదు. చదివేటప్పుడు పాఠం రాసిన తీరు కూడా గమనించు. ఈ యూనిట్ పూర్తయ్యేసరికి నీకు ఏమేం వస్తాయో మొదటే చెప్తారు. తర్వాత చిన్న చిన్న భాగాలు, మధ్యలో నిన్ను నువ్వు పరీక్షించుకునే ప్రశ్నలు, చివర్లో జవాబులు. కళ్లెదుట లేని మనిషికి ఎలా చెప్పాలో ఆ పుస్తకమే చూపిస్తుంది.

లెక్క కూడా వేసుకో. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. నాలుగు క్రెడిట్లకి 120 గంటలు. ఆరు నెలల్లో పూర్తి చెయ్యాలంటే వారానికి సుమారు నాలుగున్నర గంటలు. రోజూ రాత్రి చదువుతానంటే నేను నమ్మను. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి పీజీకి వచ్చేసరికే నీ ఓపిక అయిపోతుంది. శని, ఆదివారాల్లో పొద్దున్నే రెండేసి గంటలు కూర్చో, బస్సులో వినగలిగినవి విను. అసైన్‌మెంట్లు మాత్రం చివరి వారానికి తోసెయ్యకు. దిద్దినవాళ్లు మార్జిన్‌లో రాసే మాటల కోసమే ఆ చదువు. అవి దాచుకుని, ఆఫీసులో తర్వాతి మెయిల్ రాసేముందు ఒకసారి చూసుకో.

అంత సమయం లేదంటే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు చూడు. 2003లో ఏడు ఐఐటీలూ, మీ ఊళ్లోనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సూ కలిసి మొదలుపెట్టాయి. ఇంజినీరింగ్ పాఠాలకే పేరు గానీ, సాఫ్ట్ స్కిల్స్ మీద, రాత మీద ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన కోర్సులూ ఉన్నాయి. చేరడం ఉచితం. వారం వారం అసైన్‌మెంటు ఉంటుంది. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. ఎప్పుడైనా దూరవిద్యలో పూర్తి డిగ్రీ చెయ్యాలనిపిస్తే మాత్రం, డబ్బు కట్టేముందు ఆ సంస్థకీ ఆ కోర్సుకీ ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకో. ఏజెంటు మాట నమ్మొద్దు.

ఇవన్నీ రాతకి సరిపోతాయి. నోరు తెరవడం వీడియోలు చూస్తే రాదు, దానికి మనుషులు కావాలి. బెంగళూరులో టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు బోలెడు, కొన్ని కంపెనీల్లోనే నడుస్తాయి. 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగానికి సాధారణంగా ఐదు నుంచి ఏడు నిమిషాలు. అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీదైతే ఒకటి రెండు నిమిషాలే. టైము చూసేవాళ్లు పచ్చ, పసుపు, ఎరుపు రంగులు చూపిస్తారు. నువ్వు ఎన్నిసార్లు 'ఆ... ఊ...' అన్నావో లెక్కపెట్టడానికి ఇంకొకరు ఉంటారు. ఆఖర్న ఒకరు లేచి నీ మాటలో బాగున్నదేమిటో, మార్చుకోవాల్సిందేమిటో చెప్తారు. మొదటిసారి అతిథిగా వెళ్లి చూసి రా.

ఆఫీసులో రోజూ పొద్దున జరిగే స్టాండప్ మీటింగు నీకు ఉచితంగా దొరికిన తరగతి. వెళ్లేముందు మూడు వాక్యాలు కాగితం మీద పెట్టుకో. నిన్న ఏం పూర్తయింది, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఇరుక్కున్నాను. ఆ మూడోది చెప్పడానికి మనవాళ్లకి నోరు రాదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకూడదని పెరిగినవాళ్లం కదా, అర్థం కాకపోయినా తల ఊపేస్తాం. ఇంట్లో అది మర్యాద. ఆఫీసులో తల ఊపితే ఒప్పుకున్నావనే అర్థం. గడువు రోజున తెలియలేదని చెబితే ఎవరూ హర్షించరు. "నాకు అర్థమైంది ఇదీ, సరేనా?" అని అక్కడికక్కడే తిరిగి చెప్పు. అది ఎదురు చెప్పడం కాదు.

యాస గురించి బెంగ పెట్టుకోకు. నిదానంగా, వాక్యం చివరిదాకా వినబడేలా మాట్లాడితే చాలు. ఆ పేరు కొట్టేస్తున్నాడన్న కుర్రాడి మీద కూడా మనసు పాడుచేసుకోకు. వాడు ఏ సంగతి ఎప్పుడు, ఎవరికి చెప్తున్నాడో ఒక వారం గమనించు. పని పూర్తయిన రోజునే పై వాళ్లకి రెండు ముక్కలు రాస్తుండొచ్చు. అది మోసం కాదు, నువ్వూ రాయొచ్చు.

ఇంకొకటి. కన్నడం వదిలెయ్యకు. మన హిందూపురం వాళ్లకి అది కొత్త భాష కాదు, లిపి కూడా దగ్గరదే. పీజీ ఓనరుతో, ఆటో అతనితో, ఆఫీసు క్యాంటీన్‌లో కన్నడంలోనే మాట్లాడు. తప్పులతోనైనా మాట్లాడే అలవాటు అక్కడ పడితే, మీటింగులో ఇంగ్లీషుకీ ఆ ధైర్యం వస్తుంది.

ఈ వారం ఒకటే పని చెయ్యి. నువ్వు రాసే ప్రతి మెయిల్‌నీ పంపేముందు ఒకసారి ఆపి, చివరి వాక్యాన్ని మొదటికి తెచ్చి చదువు. బాగుంటే అలాగే పంపు. వచ్చే ఆదివారం లోపు వాటిలో రెండు, కంపెనీ వివరాలు తీసేసి నాకు పంపు. ఎర్ర ఇంకుతో దిద్దే అలవాటు నాకింకా పోలేదు. కోర్సు ఫీజు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

వేళకి తిను. అమ్మకి ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ