పిల్లి ఉన్న ఇంట్లో షుగర్ గ్లైడర్లు

డాలస్

తమ్ముడు కార్తీక్‌కు,

షుగర్ గ్లైడర్లను తెచ్చుకుంటానని మొన్న ఫోన్‌లో అన్నావు. ఒక్కదాన్ని కాదు, జతను తెస్తానన్నావు. ఆ మాట నచ్చింది. గుంపుగా బతికే ప్రాణులవి. ఒంటరిగా ఉంచితే దిగులుతో తమ బొచ్చు తామే పీక్కుంటాయి. నచ్చనిదల్లా 'మా పిల్లి సాధువు, మెల్లగా అలవాటు చేస్తాలే' అన్న మాట. ఈ ఉత్తరం దాని గురించే.

పిల్లి సాధువే కావచ్చు. కానీ గ్లైడర్ బరువు నూరు, నూట యాభై గ్రాములకు మించదు. అదీగాక పొద్దుగూకాక నిద్రలేచి, కాళ్ల మధ్య చర్మాన్ని చాచి, అల్మారా మీంచి కర్టెన్ మీదికి గాల్లో జారుతుంది. అలా చటుక్కున కదిలినదాని మీదికి దూకమని పిల్లికి ఎవరూ నేర్పక్కర్లేదు. కోపంతోనే దూకాలనీ లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని పెద్దలు ఊరికే అన్నారా?

మా పశువుల ఆసుపత్రికి పిల్లికి చిక్కిన ఇలాంటి ప్రాణులు వచ్చినప్పుడు 'ఏమీ కాలేదు, చిన్న గీతే' అంటారు తెచ్చినవాళ్లు. బొచ్చు పక్కకి తీసి చూస్తే గుండుసూది మొనంత రంధ్రం కనిపిస్తుంది. ఒక్కోసారి నెత్తురు కూడా ఉండదు. పిల్లి నోట్లో ఉండే పాశ్చురెల్లా అనే బాక్టీరియా ఆ రంధ్రంలోంచి లోపలికి చేరితే అంత చిన్న ప్రాణి తట్టుకోలేదు. పన్ను తగిలిందేమోనన్న అనుమానం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు.

అందుకే పిల్లికీ గ్లైడర్లకీ స్నేహం కుదర్చాలని చూడకు. ఇల్లు పంచు. గ్లైడర్లకు తలుపు గట్టిగా పడే గది ఇవ్వు. పంజరం కనీసం మూడడుగుల ఎత్తుండాలి. ఊచల మధ్య సందు అర అంగుళం దాటకూడదు. దాటితే అవి తల దూర్చి బయటపడతాయి, లేదా పిల్లి పంజా దూర్చి తోక పట్టుకుంటుంది. పిల్లి ఎక్కి కూర్చునేందుకు వీలుగా పంజరం పక్కన కుర్చీలూ బల్లలూ పెట్టకు. అది ఏమీ చెయ్యకుండా చూస్తూ కూర్చున్నా వాటికి భయమే. గరగరమని అరుస్తాయి, గుడ్డసంచిలోంచి బయటికి రావు, తిండి ముట్టవు. రాత్రి వాటిని వదిలి ఆడించేటప్పుడు పిల్లీ, మీ కుక్కా తలుపుకి అవతలే ఉండాలి. గొళ్లెం పడిందో లేదో లాగి చూశాకే పంజరం తెరువు. కమోడ్ మూత కూడా వేసెయ్. అందులో పడితే పైకి ఎక్కి రాలేవు.

కుక్కకి మెడ మీద వేసే పేలమందు వీటికి వాడకు. అది రాసిన చేతులతో వీటిని ముట్టుకోకు.

నీ బడ్జీ పిట్టల సంగతి మాత్రం నువ్వు ఆలోచించినట్టు లేదు. అక్కడ వేటగాడు గ్లైడరే! టాస్మేనియాకు మనుషులు తెచ్చిన షుగర్ గ్లైడర్లు చెట్టుతొర్రల్లో పొదుగుతున్న స్విఫ్ట్ ప్యారట్ తల్లులను చంపుతున్నాయి, గుడ్లను తినేస్తున్నాయి. అసలే అంతరించే ప్రమాదంలో ఉన్న ఆ చిలకలకు ఇది పెద్ద దెబ్బ. కాబట్టి పిట్టలకు వేరే గది చూడు.

ఇంకొక్క మాట. ఇవి బాగా చూసుకుంటే పది పన్నెండేళ్లు బతుకుతాయి. టెక్సస్‌లో పెంచుకోవడానికి అడ్డు లేదు. కాలిఫోర్నియాలో మాత్రం నిషేధం. రేపు బే ఏరియాలో ఉద్యోగం వచ్చిందంటే వీటిని వెంట తీసుకెళ్లలేవు. అప్పుడు వాటినెవరు చూస్తారో ఇప్పుడే తేల్చుకో.

ముందు మీ ఊళ్లో ఇలాంటి ప్రాణులకు వైద్యం చేసే డాక్టరును వెతుకు. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే ప్రతి డాక్టరూ వీటిని చూడరు. రాత్రిపూట ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా అడిగిపెట్టుకో. డాక్టరు దొరక్కపోయినా, గది విడిగా ఇవ్వడం కుదరకపోయినా ఈ సరదా ఇప్పటికి మానుకో. రెండూ కుదిరితే ఫోన్ చెయ్యి, పంజరం కొనడానికి నేనూ వస్తాను.

మీ అక్క