కంప్యూటరులోని లెక్కల పలక: సభ్యులు తమ లెక్క సరిచూచుకొను విధము

2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. నాటినుండి అనేక సంఘములలో దస్త్రముల ప్రక్కన కంప్యూటరు వచ్చి చేరినది. వడ్డీలెక్క యంత్రమే వేయుచున్నది గదా, మనకేల యని కొందరు సభ్యులు తలంచుచున్నారు. యంత్రమున కంకెల నందించునది మనుష్యుడే. తేదీ నందించునదియు మనుష్యుడే. అప్పు తీసికొన్నవాడు తన లెక్క తాను సరిచూచుకొనుట యెవరినో యనుమానించుట కాదు, అది సభ్యుని హక్కు. అందులకు వేరొక పరికరము కొననక్కరలేదు. కంప్యూటరులోనే క్యాలిక్యులేటరు అను లెక్కల పలక యిమిడియున్నది.

విండోస్ కంప్యూటరులలో నీ పలక 1985లో వెలువడిన మొదటి కూర్పునుండియు నున్నది. విండోస్ గుర్తుగల మీట నొక్కి, క్యాలిక్యులేటరు అను ఆంగ్లపదములోని మొదటి నాలుగక్షరములు కొట్టి, ఎంటరు నొక్కినచో తెరపై కనబడును. గుణకారమునకు నక్షత్రపు గుర్తును, భాగహారమునకు ఏటవాలు గీతను వాడవలెను. సీ.ఈ. అనునది చివర కొట్టిన అంకెను మాత్రమే తుడుచును. సీ అనునది లెక్క మొత్తమును తుడుచును. ఈ భేద మెరుగక మేమును మొదట్లో ఒక్క తప్పంకెకొరకు పది పద్దుల కూడిక పోగొట్టుకొన్నవారమే.

ఇక వడ్డీ సంగతి. ఒక సభ్యుడు 2024 జూన్ 20వ తేదీన 80,000 రూపాయలు సాలుకు నూటికి 7 వంతున తీసికొని, 2025 ఫిబ్రవరి 20న చెల్లించెననుకొందము. పలకకు ఎడమ పైమూలనున్న మూడు గీతల గుర్తు నొక్కినచో నొక పట్టిక తెరచుకొనును. అందులో తేదీల గణన భాగమున కేగి యీ రెండు తేదీలు చూపినచో 245 దినములని చెప్పును. వ్రేళ్లమీద నెలలు లెక్కించుటలో 30, 31 దినముల తికమక యిక లేదు. పిమ్మట మొదటి భాగమునకు మరలివచ్చి, 80000ను 7చే హెచ్చించి, మరల 245చే హెచ్చించి, 36500చే భాగింపవలెను. నూటిని 365తో హెచ్చింపగా వచ్చినదే యీ 36500. ఫలితము 3,758 రూపాయల 90 పైసలు. ఒక్కదినపు వడ్డీ 15 రూపాయల 34 పైసలగును గనుక, సంఘపు లెక్కకును మన లెక్కకును అంతటి తేడా యున్నచో చెల్లించిన దినమును గూడ చేర్చిరని యూహింపవచ్చును. తేడా వందలలో నున్నచో కార్యదర్శిని తప్పక యడుగవలెను.

శాతపు బొత్తామునుగూర్చి యొక హెచ్చరిక. 80000 కొట్టి, కూడిక గుర్తు నొక్కి, 7 కొట్టి, శాతము నొక్కి, సమానము నొక్కినచో 85,600 వచ్చును. ఇది నిండు సంవత్సరపు వడ్డీ. ఎనిమిది నెలల అప్పునకు దీనిని చెల్లించినవాడు 1,841 రూపాయల 10 పైసలు ఊరక పోగొట్టుకొనును.

నూటికి రూపాయిన్నర యను ఊరివడ్డీ చెవికి చిన్నదిగా వినబడును, ఏడు శాతము పెద్దదిగా వినబడును. కాని ఊరిమాట నెలకు, సంఘపుమాట సాలుకు. ఆ 80,000కే రూపాయిన్నర వంతున ఎనిమిది నెలలకు 9,600 అగును. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి యింటిలోనివారికి చూపుట మంచిది.

ఈ పలకయందొక పెద్ద చిక్కున్నది. సాధారణ పద్ధతిలో నది మనము కొట్టిన వరుసనే లెక్క వేయును. బడిలో గుణకార భాగహారములు ముందు, కూడిక తీసివేతలు తరువాత అని నేర్చితిమి. పలక యది పాటింపదు. 266.50 వంతున 3 బస్తాల యూరియా, 1350 వంతున 2 బస్తాల డి.ఏ.పి. కొన్నచో నిజమైన మొత్తము 3,499.50. దానినే బస్తాల సంఖ్య ముందు, ధర తరువాత వచ్చునట్లు ఒక్క వరుసలో కొట్టినచో 10,82,025 చూపును! అంత తప్పు గ్రుడ్డివానికిని తెలియును. తెలియని తప్పే ప్రమాదము. సొంత విత్తనముల ఖర్చు 12,000, అన్నదమ్ములిద్దరి మోటారు మరమ్మతు 3,000లో సగము. 12000 కూడిక 3000 భాగహారము 2 అని కొట్టినచో 7,500 వచ్చును. నిజము 13,500. తెరమీది అంకె నమ్మదగినట్లే యుండును గనుక ఎవరును మరల చూడరు. పట్టికలో శాస్త్రీయ పద్ధతి నెన్నుకొన్నచో సరియైన వరుసలో వేయును. లేదా ఒక్కొక్క పద్దు విడిగా వేసి, ఫలితము వచ్చినప్పుడెల్ల ఎమ్ ప్లస్ నొక్కుచు, కడపట ఎమ్.ఆర్. నొక్కినచో మొత్తము కనబడును. ముందుగా ఎమ్.సీ. నొక్కి పాత నిలువను తుడువ మరువరాదు. మాకీ రెండవ పద్ధతియే నచ్చినది. పద్దు పద్దునకు కన్ను పడును.

కొలతల మార్పిడి భాగములో ఎకరములు, హెక్టారులు, చదరపు గజములు కలవు. బరువులను ఏనుగులతోను తిమింగలములతోను పోల్చి చూపు వేడుకయు నున్నది గాని, మన సెంటు, గుంటలు మాత్రము లేవు. ఆంధ్రమున ఎకరమునకు నూరు సెంట్లగుటచే 2 ఎకరముల 50 సెంట్లను 2.50 అని కొట్టినచో సరిపోవును. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. 2 ఎకరముల 20 గుంటలను కాగితముపై 2.20 అని వ్రాయుట కలదు. ఆ చుక్క దశాంశపు చుక్క కాదు. దానినట్లే కొట్టి, ఎకరమునకు 40,000 వంతున అప్పు లెక్క వేసినచో 88,000 వచ్చును. ఆ భూమి నిజముగా రెండున్నర యెకరములు, రావలసిన అప్పు 1,00,000. పంటకు పెట్టుబడి చాలక, ఆ 12,000కై రైతు మరల రూపాయిన్నర వడ్డీవాని గడప త్రొక్కవలసివచ్చును. కావున గుంటలను ముందు 40చే భాగించి, పిమ్మట ఎకరములకు కలుపవలెను. 1 ఎకరము 7 గుంటలైనచో 1.175 అని కొట్టవలెను, 1.07 అని గాని, 1.7 అని గాని కాదు.