ఎడమ చెప్పు ఎందుకు కుడి చెప్పు కాదు?

మా పాపకు ఆరేళ్లు. బయటికి వెళ్లే హడావుడిలో చెప్పులు తారుమారు చేసి వేసుకుంటుంది. ఒకరోజు "అది ఎడమ కాలిదమ్మా" అంటే, చెప్పును సగం చుట్టు తిప్పి, మడమ ముందుకొచ్చేలా పెట్టి చూసింది. కుదరలేదు. "తిప్పాను కదా, మరి ఎందుకు మారలేదు?" అని అడిగింది.

బొమ్మను సగం చుట్టు తిప్పడం, అద్దంలో చూపడం ఒకటేనని పెద్ద తరగతుల పిల్లలూ పొరబడుతుంటారు. అందులో వాళ్ల తప్పు తక్కువ. చతురస్రం, వృత్తం, నాలుగు రేకుల పువ్వు వంటి బొమ్మలను రెండింటిలో ఏది చేసినా ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే వంకర బొమ్మ కావాలి. పాదం అందుకు చక్కగా సరిపోతుంది.

పాత క్యాలెండర్ కాగితం తీసుకోండి. తెల్లగా ఉన్న వైపు పైకి పెట్టి, పిల్లల ఎడమ పాదం చుట్టూ గీత గీసి కత్తిరించండి. రెండో వైపు అంకెలు ఉండటం మనకు పనికొస్తుంది.

దాన్ని నేల మీద జరపమనండి (స్థానాంతరణం). తిప్పమనండి (భ్రమణం). ఎంత జరిపినా, ఎంత తిప్పినా అది ఎడమ పాదమే. ఇప్పుడు అట్టు తిరగేసినట్టు తిరగేయమనండి. అంకెలు పైకొచ్చాయి, కుడి పాదం తయారైంది! అద్దం చేసే పని (పరావర్తనం) ఇదే. కాకపోతే కాగితం ఒక్క క్షణం నేలను వదిలి పైకి లేవాల్సి వచ్చింది. చెప్పునూ తిరగేయవచ్చు, కానీ అడుగుభాగం పైకొస్తుంది. దాన్ని ఎవరు వేసుకుంటారు?

అసలు ఆట టైల్స్ మీద ఉంది. పాదాన్ని ఒక గీత పక్కన పెట్టి, ఆ గీత అవతలికి తిరగేయండి. బొటనవేలు గీతకు ఇవతల ఎంత దూరంలో ఉందో, అవతలా అంతే దూరంలో ఉండాలి. స్కేలుతో కొలవమనండి. పెద్దలు కూడా ఇక్కడే తొందరపడతారు. తర్వాత అదే దిశలో వచ్చే రెండో గీత మీదుగా మళ్లీ తిరగేయండి. తెల్ల వైపు పైకొచ్చింది, ఎడమ పాదం తిరిగి వచ్చింది. మొదటి చోటు నుంచి ఎంత దూరం జరిగింది? టైలు వెడల్పు రెండడుగులైతే సరిగ్గా నాలుగడుగులు. మొదట గీతకు దగ్గరగా పెట్టినా, దూరంగా పెట్టినా అంతే. ఎందుకో పిల్లలనే ఆలోచించనివ్వండి. నాకైతే కాగితం మీద గీసుకుంటే గానీ అర్థం కాలేదు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి కూడా.

ఇప్పుడు నాలుగు టైల్స్ కలిసే మూల దగ్గర పాదాన్ని పెట్టండి. ముందు నిలువు గీత మీదుగా, తర్వాత అడ్డ గీత మీదుగా తిరగేయండి. పాదం ఎదురు మూలలోని టైలులో ఉంటుంది, వేళ్లు వ్యతిరేక దిశకు చూస్తాయి. అంటే ఆ మూల చుట్టూ సగం చుట్టు తిరిగిందన్నమాట. మా పాప ప్రశ్నకు జవాబు దొరికింది: సగం చుట్టు అంటే ఒక అద్దం కాదు, రెండు అద్దాలు. ఎడమను కుడిగా మార్చాలంటే బేసి సంఖ్యలో తిరగేయాలి.

ఇంగ్లిష్ చిన్న అక్షరాలు బి, డి ల మధ్య పిల్లలు తికమకపడేది కూడా ఇందుకే. ఒకటి మరొకదానికి ప్రతిబింబం. గరిటెను ఎటు తిప్పినా, తిరగేసినా గరిటే. అక్షరం మాత్రం పేరు మార్చుకుంటుంది.

మన ముక్కు కూడా ఈ తేడాను పట్టేస్తుంది. కార్వోన్ అనే అణువుకు ఎడమ, కుడి చెప్పుల్లాంటి రెండు రూపాలున్నాయి. ఒకటి పుదీనా వాసన వేస్తుంది, రెండోది సోయకూర గింజల్లో ఉంటుంది. అణువులో పరమాణువులు అవే, బంధాలూ అవే.

వచ్చే సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు పిల్లలకు ఒక పని పెట్టండి. పావు చుట్టు తిప్పినా మారనిది, అద్దం పెడితే మాత్రం మారిపోయేది అయిన ముగ్గును కనిపెట్టమనండి. ఒక్క సూచన: కాగితపు గాలిమరను గుర్తు చేయండి.