పులసకు సెలవులెప్పుడు?

పిల్లలూ, "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మీలో చాలామంది ఒక్క మాటలో చెప్పలేరు. అమ్మగారికో నాన్నగారికో బదిలీ అయినప్పుడల్లా బడి మారుతుంది, స్నేహితులు మారతారు, పక్కింటి భాష మారుతుంది. మాదీ అదే పరిస్థితి. ఈ పాఠంలో మనలాగే చోటు మారుతూ బతికే ఒక చేప గురించి తెలుసుకుందాం.

గోదావరి జిల్లాల్లో దాన్ని పులస అంటారు. సముద్రంలో ఉన్నంతకాలం అదే చేప విలస. కోల్‌కతాలోనూ ఢాకాలోనూ ఇలిష్, ఒడిశాలో ఇలిశి, పాకిస్తాన్‌లో సింధు నది ఒడ్డున పల్లా. పెరిగేది ఉప్పునీటిలో, గుడ్లు పెట్టేది మంచినీటిలో. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రం వదిలి ప్రవాహానికి ఎదురీదుతుంది. ఆ ఎదురీతలోనే దానికి ఆ రుచి వస్తుందని గోదావరి వాళ్ళ నమ్మకం. పుస్తెలు అమ్మైనా పులస తినాలనే సామెత మీరు వినే ఉంటారు. (మా ఇంట్లో ఈ సామెత చెప్పినప్పుడల్లా "ఎవరి పుస్తెలు?" అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు ఇంతవరకు దొరకలేదు.)

మేము కోల్‌కతాలో పనిచేసిన రోజుల్లో ఒక ఆదివారం బజారుకు వెళ్ళాం. పెద్ద ఇలిష్ ధర విని వెనక్కి తగ్గాం. పక్క బుట్టలో చిన్నవి ఉన్నాయి, చవక. ఒక్కొక్కటి మీ పెన్సిలు పెట్టె కంటే కాస్త పొడవు. కిలో తూచమంటే ఎనిమిది వచ్చాయి. సంచి పట్టుకుని మెట్లెక్కుతుంటే కింది ఇంటి బామ్మగారు చూసి, "ఖోకా ఇలిష్ కొన్నారా మాస్టర్‌మశాయ్? మరి వచ్చే ఏడు ఏం తింటారు?" అన్నారు. బెంగాలీలో ఖోకా అంటే చంటి పిల్లవాడు. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. 23 సెంటీమీటర్ల కంటే చిన్న ఇలిష్‌ను పట్టకూడదని, అమ్మకూడదని ఆ రాష్ట్రంలో 2013 నుంచి నియమం ఉందని ఆ తర్వాత తెలిసింది.

ఆ బామ్మగారి ప్రశ్నను లెక్కగా చేసి చూద్దాం. మేము కొన్న ఎనిమిది చేపలు కలిపి ఒక కిలో. వాటిని నీటిలోనే వదిలి, ఒక్కొక్కటి కిలో తూగేదాకా ఆగితే ఎనిమిది కిలోలు. అన్నీ బతకవు. పెద్ద చేపలు తింటాయి, జబ్బులు వస్తాయి. సగం పోయాయనుకున్నా నాలుగు కిలోలు మిగులుతాయి. అసలు లెక్క ఇంకా ముందుంది. ఒక్క పెద్ద ఆడ చేప లక్షల గుడ్లు పెడుతుంది. అందులో పెరిగి పెద్దవయ్యేవి బహు కొద్ది. అందుకే అన్ని గుడ్లు. ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకముందే చేపను పట్టేస్తే ఆ లక్షల్లో మిగలవలసిన ఆ కొద్దీ కూడా మిగలవు. చేపలు పట్టడం తప్పు కాదు. పుట్టేవాటి కంటే పట్టేవి ఎక్కువైతేనే ముప్పు. దాన్నే మితిమీరిన వేట అంటారు.

ఇలిష్ ఒక్కదాని కథే కాదు ఇది. తరువాత మేము కొచ్చిలో ఉన్నాం. అక్కడ బీదవాడి కంచంలో ఉండే చేప మత్తి. మన తీరంలో కవ్వలు అంటారు. 2012లో కేరళ తీరంలో 4 లక్షల టన్నులకు దగ్గరగా పడిన ఈ చేప 2021లో 4 వేల టన్నులు కూడా పడలేదు. సముద్రం వేడెక్కడం ఒక కారణం, పిల్ల చేపలను ఊడ్చేయడం మరో కారణం అని శాస్త్రజ్ఞులు చెప్పారు. ఏ చేప ఎంత పొడవు పెరిగాక పట్టాలో కేరళ నియమం పెట్టింది. కవ్వకు 10 సెంటీమీటర్లు, కానాగర్తకు 14. స్కేలుతో కొలిచే చట్టం అన్నమాట.

ఇక సెలవుల సంగతి. సముద్రానికి కూడా వేసవి సెలవులు ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ నుంచి తమిళనాడు దాకా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, గుజరాత్ నుంచి కేరళ దాకా పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు వేట నిషేధం. ఎన్ని రోజులో వేళ్ళ మీద లెక్కపెట్టండి. రెండు చోట్లా 61 వస్తాయి. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం అని ఆ రోజుల్లో మరపడవలను ఒడ్డున కట్టేస్తారు. ఇంజను లేని తెప్పలు మాత్రం వెళ్ళవచ్చు.

చేపకు సరిహద్దు తెలియదు. ఒకప్పుడు బంగ్లాదేశ్ నిషేధం మే 20న మొదలై జూలై 23 దాకా ఉండేది. జూన్ 14 తరువాత మన పడవలు సముద్రంలో ఉంటే, వాళ్ళ పడవలు ఒడ్డున ఉండేవి. "మేము దాచిన చేపను వాళ్ళు పట్టుకుపోతున్నారు" అని అక్కడి జాలరులు బాధపడేవారు. 2025లో ఆ దేశం తన నిషేధాన్ని ఏప్రిల్ 15కు జరుపుకుంది. ఒకే బంగాళాఖాతం, ఇప్పుడు ఇంచుమించు ఒకే సెలవులు.

కానీ పాఠం మొదట్లో చెప్పిన మాట ఒకసారి గుర్తు చేసుకోండి. పులస గోదావరిలోకి ఎప్పుడు వస్తుంది? వరద నీటితో, జూలై తరువాత. నిషేధం ఎప్పుడు ముగుస్తుంది? జూన్ 14న. అంటే మిగతా చేపలకు దొరికిన సెలవులు పులసకు దొరకవు. అది గుడ్లు మోసుకుని నదిలోకి తిరిగే సమయానికే వలలన్నీ నీటిలో ఉంటాయి. పైగా గుడ్లున్న శన పులస అంటే మరీ మోజు. తప్పించుకుని పైకి వెళ్ళినదానికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం. గంగలోనూ ఇదే జరిగింది. 1975లో ఫరక్కా బ్యారేజి రాకముందు ఇలిష్ అలహాబాదు దాకా ఎదురీదేదట. కాబట్టి నేరమంతా జాలరి వల మీద వేయడం న్యాయం కాదు.

పులస తగ్గిన కొద్దీ దాని ధర వేలల్లోకి ఎక్కింది. అరుదైతే ప్రజలు వదిలేస్తారని మీరు అనుకోవచ్చు. జరిగేది దానికి తలకిందులు. ధర ఎంత పెరిగితే ఆ ఒక్క చేప కోసం అంతమంది రాత్రంతా పడవలో కాపు కాస్తారు. దూరం నుంచి తెచ్చిన సముద్రపు విలసను పులస పేరుతో అమ్మేవాళ్ళూ ఉన్నారు.

బంగ్లాదేశ్ ఇలిష్ క్యాలెండరు చూసి సెలవులు ఇచ్చింది. అక్టోబరు ప్రాంతంలో, పున్నమి రోజులు కలిసేలా, అది గుడ్లు పెట్టే 22 రోజులు వేట పూర్తిగా ఆపుతారు. నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్ల లోపు పిల్ల చేపలను పట్టకూడదు. వాటికి అక్కడ జాట్కా అని పేరు. వేట ఆగిన రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. ఆ బియ్యం లేకపోతే మిగతా నియమాలు కాగితం మీదే ఉండిపోయేవని మా అభిప్రాయం.

ఎందుకంటే విశాఖలో ఈ పాఠం చెబుతున్నప్పుడు మా తరగతిలో ఒక అబ్బాయి లేచాడు. వాళ్ళ తాతగారికి ఇంజను పెట్టిన చిన్న ఫైబర్ పడవ ఉంది. "మాస్టారూ, మా తాత పడవకు ఇంజను ఉందని రెండు నెలలు ఆపేస్తారు. భృతి ఇస్తారు గానీ అప్పులాయన జూన్ దాకా ఆగడు కదండీ. పెద్ద బోట్లు మిగతా పది నెలలూ సన్న కన్ను వలలతో పిల్ల చేపలన్నీ లాగేసి కోళ్ళ మేతకు అమ్ముతాయి. అప్పుడు మా తాత ఆపినందుకు లాభం ఎవరికండీ?" అన్నాడు. తరగతి అంతా మావైపు చూసింది. వల కన్ను ఎంత ఉండాలో చట్టాలు ఉన్నాయని చెప్పాం. రేవులో ఎవరు కొలుస్తారని అడిగాడు. 2022 జనవరిలో అదే విశాఖ తీరంలో రింగు వలల మీద జాలరి పేటలు రెండుగా చీలి కొట్టుకున్నాయి. వాళ్ళంతా ఒకే సముద్రం మీద బతికేవాళ్ళు. "నీ ప్రశ్న సరైనదే, మా దగ్గర పూర్తి జవాబు లేదు" అని ఒప్పుకుని ఆ రోజు పాఠం ఆపాం.

ఇంటి పని: ఈసారి ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి చేపల బజారుకు పెద్దవాళ్ళతో వెళ్ళండి. స్కేలు మరిచిపోవద్దు. ఏవైనా మూడు రకాల చేపలు ఎంచుకుని, వాటిని అక్కడి భాషలో ఏమంటారో అమ్మేవారిని అడిగి తెలుగు లిపిలో రాయండి. పొడవు కొలవండి. ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ నెలలో దొరకవో అడగండి. మే నెలలో తూర్పు తీరంలో ఉన్నవాళ్ళు ఇంకొకటి కూడా అడగాలి: పడవలు కట్టేసి ఉంటే ఈ చేప ఎక్కడిది? పేర్లన్నీ వచ్చాక తరగతి గోడ మీద ఉన్న భారతదేశ పటం చుట్టూ అంటిద్దాం. ఆ అబ్బాయి తన తాతగారిని అడిగి 14 పేర్లు అప్పుడే తెచ్చాడు.